ఊనా మార్చి దాకా ఇచ్చిన మాట

నవంబర్ 28
గాలి: బాగానే ఉంది. ఊనా ఇంట్లో పదిహేను డిగ్రీలు.

ఈ లాగ్ రాయమన్నది దీవి కరెంటు సంఘం వాళ్లు. ప్రతి గాలిమరకీ ఒక కాపరి, ప్రతి కాపరికీ ఒక లాగ్. గాలి ఎలా ఉంది, మర ఎలా తిరిగింది, గ్రీజు ఎప్పుడు పెట్టావు, అంతే రాయాలి. చదివే నాథుడు లేడని రెండో ఏడే అర్థమైంది కాబట్టి నాకు తోచిందల్లా రాస్తున్నాను.

పొద్దున మర పని, మధ్యాహ్నం మారుగొంతు పని. ఊనా ఫ్లెట్ తన వంటగదిలో కూర్చుని లైవ్‌లో మాట్లాడుతుంది, పక్క గదిలో కూర్చుని నేను అదే తెలుగులో చెబుతాను. ఇవాళ పాత స్వెట్టర్ ఊడదీసి ఆ ఉన్నితో మేజోళ్లు అల్లడం చూపించింది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి స్కాట్లాండ్ కొసన ఒక దీవిలో మేజోళ్లు అల్లుకుంటుంటే తొంభై లక్షల మంది చూస్తారు. అందులో మూడో వంతు మనవాళ్లే. మనవాళ్లకి మేజోళ్లెందుకో నేను అడగలేదు. మారుగొంతు ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. కలిపితే లైవ్ వింటూ ఉండే కాపలా యంత్రం పట్టేస్తుంది.

అందరూ ఆవిణ్ణి ఊనా అనే పిలుస్తారు, పాల డబ్బాలు మోసే కుర్రకారుతో సహా. నాకు ఇరవై ఏళ్లయినా నోరు రాలేదు. తెలుగులో చెప్పేటప్పుడు ఊనమ్మ అనేస్తాను. ఆవిడ మాత్రం నాంచారయ్య అన్న పేరుని నాంచ్ అని కోసి పారేసింది.

డిసెంబర్ 6
గాలి: తగ్గింది. ఇంట్లో తొమ్మిది.

సముద్రంలో వెచ్చని ప్రవాహం మందగించినప్పటి నుంచీ ఇక్కడి చలికాలాలు ఇలాగే ఏడుస్తున్నాయి. లోకమంతా ఉడికిపోతుంటే మేం మాత్రం గడ్డకడుతున్నాం. అయినా ఇన్నాళ్లూ గాలైనా ఉండేది. చలి ఎంత ముదిరితే మర అంత తిరిగేది, ఇల్లు వెచ్చగా ఉండేది. ఆ లెక్క మీదే ఊనా అక్టోబర్‌లో మాట కట్టింది.

మాట కట్టడమంటే, పూర్వం ఊనాలా లైవ్‌లో మాట్లాడే పేరున్న గొంతులు కాగితపు గొట్టాలతో నిమ్మరసం తాగుతూ భూమిని కాపాడమని చెప్పి, సాయంత్రానికి విమానం ఎక్కేసేవారట. జనానికి విసుగొచ్చి చట్టం తెచ్చుకున్నారు. ఇప్పుడు లైవ్‌లో పదిమంది ముందు ఒక మాట కడితే ఇంటి మీటరే ఆ మాటకి కట్టుబడుతుంది. ఊనా ఆ రోజు ఎండలో తోట గోడ మీద కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, హుషారుగా ఉంది. "మార్చి నెలాఖరు దాకా ఈ ఇల్లు వదలను. ఈ ఇంటి మర ఇచ్చిన కరెంటుతోనే బతుకుతాను. ఇంకొకరి వేడి తీసుకోను," అంది. నేను తెలుగులో చెప్పాను. మీటరు టిక్కుమంది.

చూసేవాళ్లు ఊరికే చూసి ఊరుకోలేదు. వాళ్ల మాటలు తెచ్చి ఆవిడ మాటకి ముడేశారు. మా రత్తమ్మక్క వాళ్లు దివిసీమలో, సముద్రం మిగిల్చిన ఊళ్లలో, ఊనమ్మ మాట నిలిచినంత కాలం మడ అడవి కొట్టం, రొయ్యల చెరువులు తవ్వం అని కట్టారు. ఆవిడ మాట తప్పితే వాళ్ల మాటా ఊడిపోతుంది. మర్నాడే పొక్లెయిన్లు దిగుతాయి. దిగడానికి కాచుకుని ఉన్న వాళ్లెవరో మా ఊళ్లో అందరికీ తెలుసు.

డిసెంబర్ 11
గాలి: లేదు. ఇంట్లో మూడు.

ఆకు కదలడం లేదు అందామంటే ఇక్కడ చెట్లే లేవు. మర రెక్కలు మూడూ గోడకి కొట్టిన మేకుల్లా ఉన్నాయి. బ్యాటరీలో మిగిలింది లైవ్‌కీ, ఒక దీపానికీ, టీ నీళ్లకీ వస్తోంది.

ఇవాళ పాలు తీద్దామని ఊనా ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచాను. లోపల నాలుగు డిగ్రీలు. వంటగది కంటే ఫ్రిజ్ వెచ్చగా ఉంది. అదే ఆవిడతో అంటే పడీ పడీ నవ్వి, దగ్గుతో ఆపింది. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం మా ఇంట్లో ఛార్జి చేసిన హీటరు భుజాన వేసుకుని కొండ దిగి తెచ్చాను. ఆవిడ దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. సరే, నేను కాపరిని, మీటరు పక్కనుంచి అవతలి ఒడ్డున ఉన్న మెయిన్‌లాండ్ కేబుల్ తీగ ఒకటి లాగడం నాకు పది నిమిషాల పని, ఎవరికీ తెలియదు అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. చేతులు మంచుముక్కల్లా ఉన్నాయి.

"మీటరుకి తెలుస్తుంది నాంచ్. తెలియకపోయినా నీకు తెలుస్తుంది. మీ అక్క ఊరికీ సముద్రానికీ మధ్య ఆ అడవి తప్ప ఏముంది?"

ఏమీ లేదు. నాకు తెలుసు. మా అమ్మ పోయిన ఉప్పెన నాటికి అక్కడ అడవి లేదు.

డిసెంబర్ 15
గాలి: లేదు. ఇంట్లో రెండు.

దారి ఒకటి ఉంది. సాక్షుల్లో సగం మందికి పైగా ఒప్పుకుంటే కట్టిన మాట దించవచ్చు. అలా దించితే తప్పినట్టు కాదు, దానికి ముడేసినవేవీ ఊడిపోవు. ఇంగా ఆ పని మొదలుపెట్టింది. ఇంగా అంటే మా పడవ నడిపే మనిషి. దీవిలో నర్సు పనీ, అవసరమైతే గొయ్యి తీయించే పనీ ఆవిడవే. ఊనాకి ఒంట్లో బాగాలేదు, మాట దించండి అని నాలుగు వాక్యాల్లో పెట్టింది.

లైవ్ మొదలవగానే అందరూ ఒకటే ప్రశ్న. ఎలా ఉన్నారు, ఎలా ఉన్నారు.

ఈ దీవి వాళ్లని ఎలా ఉన్నావని అడగడమంత దండగ పని ఇంకోటి లేదు. పోయినేడు ఇంగా భుజం ఎముక విరిగి పడవలో పడి ఉంటే ఎలా ఉందని అడిగాను. ఇంతకంటే చెడ్డరోజులు చూశాను అంది. కష్టం చెప్పుకోవడం వీళ్ల దృష్టిలో నలుగురిలో బట్టలిప్పుకోవడం లాంటిది. మనమైతే ముల్లు గుచ్చుకున్నా వీధంతా వినేలా చెప్పుకుంటాం, వీధంతా వచ్చి కూర్చుంటుంది, సగం నొప్పి అక్కడే పోతుంది. ఊనా నా దగ్గర ఇరవై ఏళ్లలో నేర్చుకున్న తెలుగు ఒక్కటే మాట. ఆ మాటంటే ఆవిడకి మహా ఇష్టం, తన కోసమే పుట్టిందంటుంది. ఇవాళ కెమెరా వైపు చూసి శాలువా సర్దుకుని, నేను చెప్పే అవసరం కూడా లేకుండా తనే తెలుగులో చెప్పింది.

"పర్లేదు."

మనవాళ్లు మురిసిపోయారు. ఇంగా పెట్టిన అర్జీకి వందకి పదకొండు మంది సరే అన్నారు.

డిసెంబర్ 17
గాలి: లేదు. ఇంట్లో ఒకటి.

అక్కకి ఫోన్ చేశాను. అటువైపు తెలుగు వినేవాళ్లందరికీ మా అక్కే పెద్ద. ఆవిడ సరేనంటే ముప్పై లక్షల మంది సరేనంటారు.

స్క్రీన్‌లో చూద్దును గదా, అక్క ఊనమ్మ లాగే బూడిదరంగు శాలువా కప్పుకుని ఉంది. అక్కడ ముప్పై ఎనిమిది డిగ్రీలు. మెడలో ఊలు దారంతో అల్లిన మాల. వెనక వరండాలో ఇంకో పాతిక మంది ఆడవాళ్లు అదే వేషంలో, చెమటలు కక్కుతూ. విషయమేమిటంటే, దీక్ష పట్టారు. ఊనమ్మ వేడి మానేసింది కాబట్టి వీళ్లు ఫ్యాన్లు మానేశారు. ఒంటిపూట భోజనం, కటికనేల మీద పడక, మార్చి నెలాఖరుకి మాల విరమణ.

ఊనమ్మ చచ్చిపోయేలా ఉందక్కా అన్నాను. అక్క ఫోన్ దగ్గరికి లాక్కుంది. పక్కనున్న వాళ్లు విన్నారేమోనని వెనక్కి చూసింది.

"నాంచారీ, ఆవిడ పర్లేదని తన నోటితో చెప్పింది కదరా. దీక్షలో ఉన్న మనిషి మాల మనం తెంపుతామా? మధ్యలో ఆపితే ఆవిడకే మంచిది కాదు. మేం కూడా ఉన్నాం గదా ఆవిడ వెంట. మాకూ కష్టంగానే ఉంటంది, అయినా చేస్తన్నాం."

"ఇది దీక్ష కాదక్కా. ఆవిడకి దేవుడంటే నమ్మకం కూడా లేదు."

"ఆవిడకి లేకపోతే ఏం, మాకుంది," అంది అక్క.

అక్కకి కోపం రాలేదు. కోపమొస్తే బాగుండేది. శాలువా అంచుతో మెడ తుడుచుకుంటూ, ఆవిడ దగ్గుకి మిరియాల కషాయం ఇవ్వమని పాళ్లతో సహా చెప్పింది. ఆ ప్రేమని ఎటు నెట్టాలో నాకు తెలియలేదు.

డిసెంబర్ 21
గాలి: లేదు. ఇంట్లో సున్నా.

ఇవాళ తప్పు పని చేశాను, మళ్లీ చేయమన్నా చేస్తాను.

ఊనా పీట్ నేలల గురించి, కుళ్లిన నాచు పొరలు పేరుకున్న బురద నేలల గురించి చెబుతోంది. తడినేలని దున్నకుండా వదిలేస్తే ఎంత కార్బన్‌ని పొట్టలో దాచుకుంటుందో చెబుతోంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. తడినేల దగ్గర ఆపగానే నేను తెలుగులో నా సొంత మాట కలిపాను. "నా పెదాలు నీలంగా ఉన్నాయి, నా మాట దించండి," అన్నాను, ఆవిడ అన్నట్టే.

కాపలా యంత్రం వెంటనే పట్టుకుంది. కింద ఎర్రక్షరాల్లో, ఈ వాక్యం ఊనా ఫ్లెట్ చెప్పినది కాదు, మారుగొంతు కలిపినది అని వేసింది. ఇక చూడాలి. కోస్తా నించి కొలంబో దాకా నన్ను తిట్టని మనవాడు లేడు. రొయ్యల చెరువుల వాళ్లకి అమ్ముడుపోయానట. ఒకాయన మా వంశాన్ని మూడు తరాల వెనక్కి వెళ్లి కడిగాడు. సరే అన్నవాళ్లు పదకొండు నుంచి తొమ్మిదికి పడిపోయారు. నేను నోరు మూసుకుని ఉంటే ఆ రెండైనా మిగిలేవి.

 నేను తెచ్చిన చారుని ఊనా ఫ్లాస్కు మూతలో పోసుకుని తాగింది. తిండి లెక్కలోకి రాదు, మీటరు దాన్ని వేడి కింద చూడదు. అందుకని రోజుకి రెండుసార్లు చారు తెస్తున్నాను. ఇంజనీరింగ్ చదివి, మర కట్టి, ఈ మనిషికి నేను ఇవ్వగలిగిన వేడి ఇంతే.

డిసెంబర్ 26
గాలి: లేదు. ఇంట్లో రెండు, మనుషులుంటే ఆరు.

మనుషుల ఒంటి వేడి కూడా లెక్కలోకి రాదని ఇంగా కనిపెట్టింది. అప్పటి నుంచి దీవి జనం వంతులు వేసుకుని ఊనా వంటగదిలో కూర్చుంటున్నారు. పని లేదు, పాట లేదు, ఊరికే కూర్చుని ఊపిరి వదలడం. నిన్న పధ్నాలుగు మంది, రెండు కుక్కలు. ఆరు డిగ్రీలు దాటింది, ఊనా బుగ్గలకి కాస్త రంగొచ్చింది. నాకు ఆశ పుట్టింది కూడా.

ఇవాళ జ్వరాలు మొదలయ్యాయి. మనుషులు చేరితే వేడి ఒక్కటే రాదు కదా. పై కొండ మీద ఇళ్లన్నీ దగ్గుతున్నాయి. ఊనాకి ఆ జ్వరం అంటితే మార్చి దాకా కాదు, మర్నాటి దాకా కూడా ఆగదని చెప్పి ఇంగా అందర్నీ పంపేసింది. మిగిలింది ఊనా, నేనూ. ఇద్దరి వేడికి గదిలో ముల్లు కదలదు.

జనవరి 1
గాలి: లేదు. ఇంట్లో ఒకటి.

ఈ దీవిలో కొత్త సంవత్సరం నాడు ఇంటికి మొదట అడుగుపెట్టేవాడు నల్లజుట్టు మనిషైతే ఆ ఏడంతా కలిసొస్తుందంటారు. ఎర్రజుట్ల దీవిలో నా గిరాకీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నేను రాకముందు ఒక నల్ల గొర్రెని తిప్పేవారట. చేతిలో బొగ్గుముక్క ఒకటి పట్టుకెళ్లాలి, మీ పొయ్యి చల్లారకూడదు అని దీవించాలి. బొగ్గు తవ్వడం మానేసి మూడు తరాలైంది కాబట్టి ఊరంతటికీ ఒకటే ముక్క. రేకు డబ్బాలో దాచుకుని ఇంటింటికీ తిప్పి మళ్లీ తెచ్చేస్తాను. పట్టుకుని పట్టుకుని అది గులకరాయిలా నునుపు తేలింది.

జ్వరాల వల్ల ఈసారి ఒక్క ఇంటికే వెళ్లాను. మధ్యాహ్నం లైవ్‌లోనే నా అడుగు పడాలని ఊనా ముందే చెప్పింది, చూసేవాళ్లకి ముచ్చటగా ఉంటుందని. మెడకి మైకు తగిలించుకుని లోపలికి వెళ్లి బొగ్గు ఆవిడ ఒళ్లో పెట్టాను. పొయ్యి చల్లారకూడదు అన్నాను. ఆ పొయ్యి ముప్పై ఏళ్ల కిందట ఆవిడే ఇటుకలు పెట్టి మూసేసింది. అది కూడా లైవ్‌లోనే.

ఇక్కడ ఇంకో ఆచారం ఉంది. మొదటి అడుగు వేసినవాడు ఒకటి అడగొచ్చు, ఇంటివాళ్లు కాదనకూడదు. ఇరవై ఏళ్లుగా నేను ఒక గ్లాసు విస్కీ అడుగుతున్నాను. ఊనా చెయ్యి అలవాటుగా సీసా వైపు వెళ్లింది.

"విస్కీ వద్దమ్మా. ఎలా ఉన్నారో చెప్పండి. నిజం చెప్పండి."

ఆవిడ సీసా మీద చెయ్యి అలాగే ఉంచింది. నన్ను చూసింది, కోపంగానే చూసింది. అప్పుడు నేను చేసింది మోసమేనని నాకూ తెలుసు. తన ఇంట్లో, తన ఆచారంతో, తప్పించుకోలేకుండా పట్టుకున్నాను. ఆవిడ బొగ్గుముక్కని రెండు చేతుల్తో పట్టుకుని, నిజంగా అందులోంచి వేడి వస్తున్నట్టు గుండెకి ఆనించుకుంది.

"నాకు చలేస్తోంది నాంచ్," అంది. "చాలా రోజుల నుంచీ చలేస్తోంది. నా వల్ల కావడం లేదు."

తెలుగులో చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. ఈసారి కింద ఎర్రక్షరాలు రాలేదు.

అక్క ఫోన్ వెంటనే వచ్చింది. మెడలో మాల లేదు. చేతిలో ఉంది.

"ఆవిడే అడిగింది గదరా. ఇంక మాకేం అడ్డం లేదు. అందరికీ చెబుతన్నాం. నిద్రపోయేవాళ్లని కూడా లేపుతాం. రేపు పొద్దుటికల్లా అయిపోద్ది, నువ్వు ఏడవబాక."

సరే అన్నవాళ్లు వందకి తొమ్మిది నుంచి ఇరవై అయ్యారు, ఇరవై నుంచి ముప్పై అయ్యారు. జ్వరం అంటనివాళ్లలో ఇంగా ఒకతె కాబట్టి ఊనా దగ్గర తను ఉంటానంది. నన్ను ఇంటికి పంపింది. ఆ అంకె చూస్తూ అన్నం తిన్నాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

జనవరి 2
గాలి: లేదు. ఇంట్లో ఇరవై రెండు.

తెల్లారేసరికి సగం దాటేసింది. వందకి డెబ్భై ఎనిమిది. కొండ దిగుతుంటే కింద ఊనా ఇంటి కిటికీ అద్దాలు ఆవిరిపట్టి తెల్లగా కనబడ్డాయి. ఈ చలికాలంలో అదే మొదటిసారి. దాదాపు పరిగెత్తాను, రెండుసార్లు జారిపడ్డాను కూడా.

తలుపు తీసిన ఇంగా పొట్టిచేతుల చొక్కాలో ఉంది. స్వెట్టర్ విప్పి కుర్చీ మీద పడేసింది. చెమట పట్టిన మొహంతో నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

ఊనా పోయిన అరగంటకి మెయిన్‌లాండ్ కరెంటు వచ్చి హీటర్లు వెలిగాయట. అన్ని గదుల్లో ఒక్కసారే.

దుప్పటి కింద ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. గది వేడికి ఆ చెయ్యి వెచ్చబడింది. నెల రోజులుగా ఆ చెయ్యి అలా ఉండాలనే కదా నేను గింజుకున్నది.

ఊనా మేనకోడలికి చెప్పకుండా ఈ కబురు ఎవరికీ చెప్పవద్దని ఇంగా అంది. మెయిన్‌లాండ్‌లో ఉన్న ఆ అమ్మాయి ఫోన్ ఇంకా దొరకలేదు.

జనవరి 3
గాలి: సాయంత్రం నుంచి లేస్తుందంటున్నారు. ఇంట్లో పంతొమ్మిది, అన్ని కిటికీలూ తెరిచి.

రేవు గడ్డకట్టింది. పాదిరిగారి పడవ రావడానికి వారం పట్టవచ్చు. నేల రాయిలా ఉంది, గొయ్యి తవ్వడం అప్పటికి గాని కుదరదు. అంతదాకా ఊనాని చల్లగా ఉంచాలి, హీటర్లు ఆపెయ్ అంది ఇంగా.

ఆపడానికి వెళ్లాను. ఆగలేదు. మాట దించినవాళ్లు ఊరికే దించలేదు. మార్చి నెలాఖరు దాకా ఊనమ్మ ఇంట్లో హీటర్లు ఇరవై రెండు డిగ్రీలకి పెట్టే ఉండాలని, ఎవరూ ఆపకూడదని కొత్త మాట ఒకటి కట్టారు. డెబ్భై లక్షల సాక్షులు. మీటరు దానికి కట్టుబడింది. పెట్టె విప్పి తీగ కోద్దామనుకున్నాను. కోస్తే మాట తప్పినట్టే, ఆ మాటకి అక్క వాళ్లు మళ్లీ మడ అడవిని ముడేసి ఉన్నారు. కటింగ్ ప్లయర్ జేబులో పెట్టేసుకున్నాను.

మిగిలింది కిటికీలు. అన్నీ తెరిచాను, తలుపులు తెరిచాను, పెరటి తలుపు గడకర్రతో ఆనించాను. మంచు పొడి వంటగదిలోకి వచ్చి హీటరు దగ్గర నీళ్లవుతోంది. ముల్లు ఎంత దిగితే హీటర్లు అంత గట్టిగా మూలుగుతున్నాయి. ఆ అంకె అక్కడ వాళ్లందరికీ కనబడుతుంది. పంతొమ్మిదికి పడిందని గాభరాపడి ఇరవై నాలుగుకి పెంచమని కొత్త అర్జీ పెట్టారు. వందకి తొంభై ఒక్కమంది అప్పుడే సరేనన్నారు.

అక్క ఫోన్ చేసింది. శాలువా తీసేసింది, పైన ఫ్యాన్ తిరుగుతోంది. వెనక వరండాలో ఆడవాళ్లు నవ్వుకుంటూ ఏదో వండుతున్నారు. మాల విరమణ చేశాం, పాయసం పెట్టుకుంటన్నాం అంది. నేను ఊనా గదికి వీపు పెట్టి, వెనక తెరిచిన కిటికీ కనబడకుండా నిలబడ్డాను. మేనకోడలి ఫోన్ ఇంకా దొరకలేదు.

"ఎట్టా ఉందిరా ఆవిడకి? వెచ్చగా ఉందా ఇప్పుడు?"

"పర్లేదక్కా," అన్నాను.